బల్బు మార్చే ముందు ఎర్తు చూడండి

(మిర్యాలగూడలో ఒక ఆదివారం పొద్దున, బండి పని నేర్చుకుంటున్న యువకుల ముందు, చుట్టుపక్కల ఊళ్ల రైతుల ముందు ఒక మెకానిక్ బైకు హెడ్‌లైట్ గురించి చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. తమ్ముళ్లూ, ముందుకొచ్చి కూర్చోండి. బోర్డు మీద గీసేవి వెనక నుంచి కనపడవు.

యాసంగి కోతలప్పుడు హాలియా నుంచి నిడమనూరు మీదుగా రాత్రిపూట బండి మీద వచ్చినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉంటాయి. పొద్దుగూకితే వాటిని కుప్ప చేసి పట్టా కప్పుతారు. పట్టా గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, దాని అంచున రాయి. మంచి లైటున్న బండికే అది దగ్గరికి వచ్చేదాకా కనపడదు. 50 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. మనం చూసి, తేరుకొని, బ్రేకు పట్టి, బండి నిలబడేసరికి దగ్గరదగ్గర 30 మీటర్లు దాటుతుంది. లైటు 15 మీటర్ల దూరమే చూపిస్తే మిగతా 15 మీటర్లు మనం గుడ్డిగా పోతున్నట్టే.

మా మేనబావ అట్లాగే పోయి రాళ్లకు తగిలాడు. కాలు విరిగింది, మూడు నెలలు మంచంలో ఉన్నాడు. నెల రోజుల ముందు నుంచే ఆయన బండి లైటు మసకగా వెలుగుతోంది. ఒక షాపులో చూపిస్తే బల్బు మార్చారు. తగ్గలేదు. ఇంకో బల్బు వేశారు. అదీ అంతే. "పాత బండి, ఇంతే వెలుగు వస్తుంది" అన్నారట. ఆయన కూడా సరే అనుకున్నాడు. ఆయన ఆసుపత్రిలో ఉండగా నేను ఆ బండి హెడ్‌లైట్ డోమ్ విప్పి చూశాను. బల్బు బాగుంది. రిఫ్లెక్టర్ బాగుంది. ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, ఎర్తు వైరు బిగించిన బోల్టు కింద తుప్పు, వైరు రింగు మీద పచ్చగా చిలుము. ఎమరీ పేపరుతో రుద్ది బిగించాను. పది నిమిషాలు పట్టింది, ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. లైటు తెల్లగా వెలిగింది. అది చూసి నాకు సంతోషం కలగలేదు, ఏడుపొచ్చింది. ఆ పది నిమిషాల పని నెల ముందు ఎవరైనా చేసి ఉంటే ఆ కాలు విరిగేది కాదు.

ఈ రోజు మీతో చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒకటే మాట. సామాను మార్చడం రిపేరు కాదు. కరెంటు ఏ దారిన పోతోంది, ఏ దారిన తిరిగి వస్తోంది, మధ్యలో ఎక్కడ ఆగుతోంది అని వెతికి పట్టుకోవడమే రిపేరు.

బోర్డు చూడండి. ఇది బ్యాటరీ ప్లస్. ఇక్కడి నుంచి ఫ్యూజు, తర్వాత తాళం స్విచ్చు, లైటు స్విచ్చు, అప్పర్ డిప్పర్ స్విచ్చు (దూరం వెలుగు అప్పర్, దగ్గరి వెలుగు డిప్పర్), వైర్లను కలిపే కప్లరు, బల్బు కూర్చునే హోల్డరు, బల్బు. చాలామంది గీత ఇక్కడితో ఆపేస్తారు. కానీ కరెంటు బల్బు దగ్గర ఖర్చయిపోయే వస్తువు కాదు, అది తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరాలి. చేరితేనే బల్బు వెలుగుతుంది. ఆ తిరుగు దారి పేరే ఎర్తు. మన ఊళ్లలో ఎర్తు అంటే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గుంత తీసి ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసేది గుర్తొస్తుంది. బండిలో ఎర్తు అంటే భూమి కాదు, టైర్లు రబ్బరు కదా. ఇక్కడ ఎర్తు అంటే ఛాసిస్ ఇనుము, దానికి బిగించిన నల్లదో పచ్చదో ఒక వైరు. హీరో, హోండా బళ్లలో అది పచ్చ వైరు. వాటిలో లైటు అప్పర్‌కు నీలం, డిప్పర్‌కు తెలుపు. వేరే కంపెనీ బండికి రంగులు వేరుగా ఉంటాయి, కాబట్టి రంగును చూసి నమ్మకండి, టెస్ట్ ల్యాంపు పెట్టి చూడండి.

టెస్ట్ ల్యాంపు కొనాల్సిన పని లేదు. పాత ఇండికేటర్ హోల్డరు ఒకటి, అందులో 10 వాట్ల బల్బు, రెండు మూరల వైరు, చివర ఒక క్లిప్పు. అంతే. నేను వోల్టేజీ కొలిచే మీటరు కంటే ముందు దీన్ని ఎందుకు తీస్తానో చెప్తాను, ఇది చాలామంది మెకానిక్‌లకు కూడా తెలియదు. ఒక వైరులో ఇరవై పోగులు ఉన్నాయనుకోండి. హ్యాండిల్ తిప్పీ తిప్పీ పందొమ్మిది తెగిపోయాయి, ఒక్క పోగు మిగిలింది. బల్బు పీకేసి అక్కడ మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. ఎందుకంటే మీటరు దాదాపుగా ఏమీ కరెంటు లాగదు, దానికి ఒక్క పోగు చాలు. "సప్లై వస్తోంది, బల్బుదే తప్పు" అంటాం. కానీ 35 వాట్ల బల్బు 3 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ ఒక్క పోగు అంత మోయలేదు, వోల్టేజీ అక్కడే పడిపోతుంది. టెస్ట్ ల్యాంపు తానే కొంత కరెంటు లాగుతుంది కాబట్టి అది మసకగా వెలిగి నిజం చెప్తుంది. మీటరుతో చూడాలంటే లైటు వేసి ఉంచే చూడాలి. బల్బు పీకి చూసిన రీడింగును లెక్కలోకి తీసుకోవద్దు.

ఎర్తు పరీక్ష కూడా లైటు వెలుగుతుండగానే. మీటరు 20 వోల్ట్ డీసీ మీద పెట్టండి. మీటరు వైరు చివర ఉండే ముల్లు ఒకటి హోల్డరు వెనక ఎర్తు పిన్నుకు, ఇంకో ముల్లు నేరుగా బ్యాటరీ మైనస్‌కు. రెండూ ఒకే దారి కాబట్టి మీటరు సున్నాకు దగ్గరగా ఉండాలి. పాయింట్ ఒకటి, పాయింట్ రెండు ఉన్నా పరవాలేదు. అర వోల్టు దాటిందా, ఎర్తులో జబ్బుంది. ఇదే పద్ధతిలో బ్యాటరీ ప్లస్‌కు, హోల్డరు ప్లస్ పిన్నుకు మధ్య చూడండి. అక్కడ ఎక్కువ పడుతుంటే స్విచ్చులోనో కప్లరులోనో ఉంది. తర్వాత ముల్లును ఒక్కో కప్లరు వెనక్కి జరుపుకుంటూ పోతే, ఏ రెండు చోట్ల మధ్య వోల్టేజీ పోతోందో అదే దొరుకుతుంది.

అర వోల్టుకు, ఒక వోల్టుకు ఇంత పట్టింపు ఎందుకంటారేమో. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ నూటికి 10 పాళ్లు తగ్గితే వెలుగు దాదాపు 30 పాళ్లు తగ్గుతుంది. 13 వోల్టులు రావలసిన చోట పదకొండున్నర వస్తే మూడో వంతు వెలుగు పోయినట్టే. మా బావ లైటు పోయింది ఇట్లాగే.

ఇప్పుడు అసలు తికమక పెట్టే సంగతి. హెడ్‌లైట్ అన్ని బళ్లలో బ్యాటరీ మీద నడవదు. మన దగ్గర ఎక్కువగా తిరిగే పాత 100 సీసీ బళ్లలో చాలావాటికి లైటు కరెంటు, ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుంది. అది ఏసీ కరెంటు, బ్యాటరీది డీసీ. బ్యాటరీ పని హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు, సెల్ఫ్ వరకే. అందుకే ఆ బళ్లలో రేసు ఇస్తే లైటు పెరుగుతుంది, స్లోలో ఉంటే తగ్గుతుంది. అది రోగం కాదు, ఆ బండి పద్ధతే అది. ఆ బండికి లైటు తక్కువుందని కొత్త బ్యాటరీ వేస్తే ఏమీ మారదు. నా దగ్గరికి వచ్చే రైతుల్లో బ్యాటరీకి డబ్బులు పోసి వచ్చినవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. ఏసీ లైటు బండి మీద మీటరును కూడా ఏసీకి తిప్పి, ఇంజిన్ స్టార్టులో పెట్టి చూడాలి. డీసీలో పెట్టి చూస్తే తప్పు లెక్క వస్తుంది.

2017 ఏప్రిల్ 1 నుంచి తయారైన బళ్లలో లైటు ఆఫ్ స్విచ్చు లేదు, ఇంజిన్ స్టార్టయితే లైటు వెలుగుతుంది. దాని వల్ల పగలు కూడా ఎదుటివాళ్లకు మన బండి కనపడుతుంది, మంచిదే. కానీ బల్బు రోజంతా వెలుగుతోంది కాబట్టి తొందరగా అరుగుతుంది. పగటి ఎండలో లైటు పోయిన సంగతి మనకు తెలియదు, చీకటి పడ్డాకే తెలుస్తుంది. రోజూ పొద్దున బండి తీసేటప్పుడు ఎదురుగా గోడ మీద వెలుగు పడుతోందా అని ఒకసారి చూసుకోండి. అప్పర్, డిప్పర్ రెండూ చూడండి.

(ఒక పెద్దాయన లేచి: "బిడ్డా, నాది పాత టీవీఎస్ ఎక్స్‌ఎల్ మోపెడ్. బాయి కాడికి పోతా. లైటు బల్బులు వరుసగా పోతున్నయి. వారానికి ఒకటి.")

కూర్చో బాపు, మంచి మాట అడిగినవ్. పాత ఎక్స్‌ఎల్‌లో బ్యాటరీయే లేదు, అంతా మాగ్నెట్ మీదే. రేసు పెరిగితే మాగ్నెట్ కరెంటు ఎక్కువ పుట్టిస్తుంది. ఎక్కువైన దాన్ని ఆపడానికి రెగ్యులేటర్ ఉంటుంది. రెగ్యులేటర్ పోతే, లేకపోతే దాని ఎర్తు పోతే, వోల్టేజీకి అడ్డు ఉండదు. రేసు ఇవ్వగానే బల్బు మీద పడుతుంది, మాడిపోతుంది. వరుసగా బల్బులు పోతున్న బండికి ఎనిమిదో బల్బు వేయొద్దు, ముందు రెగ్యులేటర్ బిగించిన బోల్టు రుద్ది చూడాలి. అప్పటికీ పోతుంటే రెగ్యులేటర్ మార్చాలి. బ్యాటరీ ఉన్న బళ్లలోనూ ఇంతే. బల్బులు పోతూ, బ్యాటరీ వేడెక్కి నీళ్లు మరుగుతుంటే ఆర్‌ఆర్ యూనిట్, అంటే రెగ్యులేటర్ రెక్టిఫయర్, చూడాలి. మీ బండి బయటే ఉంది కదా బాపు, అయిపోయినంక చూద్దాం.

ఛార్జింగ్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రాత్రంతా నిలబెట్టిన బండి బ్యాటరీ 12.6 నుంచి 12.8 చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12కు దిగితే ఖాళీ. బండి స్టార్ట్ చేసి రేసు పెంచితే బ్యాటరీ దగ్గర పదమూడున్నర పైన, పద్నాలుగున్నర లోపు రావాలి. రేసు పెంచినా పన్నెండున్నర దగ్గరే ఉంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే ఆర్‌ఆర్ యూనిట్ అదుపు తప్పింది. ఛార్జింగ్ లేదనగానే మాగ్నెట్ విప్పకండి. ముందు ఆర్‌ఆర్ యూనిట్ కప్లరు పీకి చూడండి. లోపల పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడి ఉంటే జబ్బు అక్కడే. కొత్త పిన్ను వేస్తే సరిపోతుంది. నేను పని నేర్చుకున్న కొత్తలో ఒక విద్యార్థి బండికి బ్యాటరీ మార్పించాను, ఆర్‌ఆర్ యూనిట్ మార్పించాను, చివరికి కాయిల్ కూడా మార్పించాను. మాడిన పిన్ను నాలుగో రోజు కనపడింది. ఆ పిల్లవాడి నాన్న కూలి పని చేసేవాడు. ఆ డబ్బు తర్వాత తిరిగి ఇచ్చాను, కానీ ఆ రోజు నుంచి ముందు మీటరు పెట్టకుండా ఏ సామానూ మార్చలేదు.

వైర్లు ఎక్కడ తెగుతాయో తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది. మొదటి చోటు హ్యాండిల్ టీ దగ్గర. కుడికి ఎడమకు తిరిగిన ప్రతిసారీ ఆ వైర్ల కట్ట మడత పడుతుంది. పైన పొర బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగి ఉంటుంది. బండి స్టార్టులో పెట్టి హ్యాండిల్ చివరి దాకా అటూ ఇటూ తిప్పండి. లైటు మినుకుమంటే అక్కడే. రెండో చోటు సీటు కింద, ట్యాంకు కింద వైరు ఇనుముకు ఒరుసుకునే చోటు. మూడోది ఎలుకలు. బాయి కాడ కొట్టంలో, వడ్ల బస్తాల పక్కన పెట్టే బళ్లకు ఇది ఎక్కువ. ఇక వాటర్ సర్వీసింగ్. ప్రెషరుతో నీళ్లు నేరుగా హ్యాండిల్ స్విచ్చుల మీద, డోమ్ మీద కొట్టిస్తే నీళ్లు లోపలికి పోతాయి. వారం తర్వాత చిలుము మొదలవుతుంది. స్విచ్చుల మీద పాలిథిన్ కవరు కట్టమని అడగండి, కట్టకపోతే మీరే కట్టండి.

తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఎండాకాలం మన ఎండకు టేపు జిగురు కరిగి జారిపోతుంది. సోల్డర్ చేసి స్లీవు తొడగండి. హ్యాండిల్ దగ్గర మాత్రం సోల్డర్ చేసిన చోటు గట్టిపడి పక్కనే మళ్లీ విరుగుతుంది, కాబట్టి అక్కడ ముక్క అతికించకుండా, మడత పడని చోటి నుంచి కొత్త వైరు లాగండి.

ఫ్యూజు. దయచేసి ఫ్యూజు పోతే రాగి పోగు చుట్టకండి, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం పెట్టకండి. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో వైరు ఇనుముకు తగులుతోందని అది మనకు చెప్తోంది. దాని నోరు మూస్తే వైరింగ్ అంతా అంటుకుంటుంది, పైన పెట్రోలు ట్యాంకు ఉంది. షార్టు వెతకడానికి ఒక పద్ధతి చెప్తాను, రాసుకోండి. ఫ్యూజు తీసేయండి. ఆ రెండు కొనలకు 21 వాట్ల బ్రేకు లైటు బల్బు ఒకటి కలపండి. తాళం ఆన్ చేయండి. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. అదే బల్బు కరెంటును ఆపుతుంది కాబట్టి వైర్లు కాలవు, ఫ్యూజులు వృథా కావు. ఇప్పుడు ఒక్కో కప్లరు పీకుతూ పోండి. హారన్ పీకారు, మారలేదు. వెనక లైటు కప్లరు పీకారు, బల్బు ఆరిపోయింది. షార్టు వెనక లైటు లైనులో ఉంది. ఇక ఆ ఒక్క వైరు వెంట చేత్తో తడుముకుంటూ పోవడమే. చాలాసార్లు వెనక మడ్‌గార్డు కింద, నంబరు ప్లేటు బోల్టు దగ్గర దొరుకుతుంది.

ఒక్క డిప్పరే పోయి అప్పర్ వెలుగుతుంటే ఎర్తు బాగానే ఉందన్నమాట, ఎందుకంటే రెండింటికీ తిరుగు దారి ఒకటే. అప్పుడు బల్బులో ఆ ఫిలమెంటు, లేకపోతే డిప్పర్ స్విచ్చులో ఆ కాంటాక్టు. స్విచ్చు విప్పేటప్పుడు చిన్న స్ప్రింగు, గుండు ఎగిరిపోతాయి, కింద తెల్ల గుడ్డ పరుచుకోండి. ఇండికేటరు ఒక పక్క మాత్రమే వేగంగా కొట్టుకుంటుంటే ఆ పక్క ఒక బల్బు పోయినట్టు, రెండు పక్కలా కొట్టుకోకపోతే ఇండికేటర్లను వెలిగించి ఆర్పే ఫ్లాషర్ చూడాలి.

(ఒక యువకుడు: "అన్నా, లైటు తక్కువైతే ఎల్‌ఈడీ వేస్తే అయిపాయె కదా? లేకపోతే 100 వాట్ల బల్బు?")

తమ్ముడూ, 100 వాట్లంటే 8 ఆంపియర్ల పైన. నీ బండి వైరు, స్విచ్చు, హోల్డరు 35 వాట్లకు చేసినవి. హోల్డరు కరుగుతుంది. చిన్న బండి మాగ్నెట్ అంత కరెంటు పుట్టించనూ లేదు, బ్యాటరీ రోజురోజుకు దిగిపోతుంది. లైటు బ్యాటరీ మీద నడిచే డీసీ బండికి కంపెనీ చెప్పిన వాట్ల బల్బే ఉంచి, ఒక రిలే వేసుకో, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు. బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి లావు వైరు రిలే 30 పిన్నుకు, 87 నుంచి లైటుకు. 85, 86లో ఒకటి పాత లైటు వైరుకు, ఇంకోటి ఎర్తుకు. అప్పుడు స్విచ్చు మీద భారం పడదు, బల్బుకు నిండు వోల్టేజీ వస్తుంది. అప్పర్, డిప్పర్ రెంటికీ కావాలంటే రెండు రిలేలు.

ఎల్‌ఈడీ సంగతి. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ లైటుతో వచ్చిన బండి వేరు, దాని అద్దం దానికోసమే చేశారు. హాలోజన్ డోమ్‌లో రిఫ్లెక్టర్ వంపును ఫిలమెంటు ఉండే చోటును బట్టి లెక్క కట్టి చేస్తారు. అందులో చవక ఎల్‌ఈడీ గుచ్చితే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది. ముందు చక్రం దగ్గర తెల్లగా పరుచుకుంటుంది, దూరం పోదు, ఎదుటివాడి కళ్లలోకి ఎగుస్తుంది. అమావాస్య రాత్రి చెర్వుగట్టు గుడికి జాగారానికి పోయే బళ్లను నార్కట్‌పల్లి దగ్గర చూశావా? పిల్లాపాపలతో వస్తుంటారు, ఎదురుగా ఒక్కో బండి ఆ తెల్ల లైటు కొడుతుంటే కొన్ని సెకన్లు ఏమీ కనపడదు. ఆ సెకన్లలోనే మనిషి రోడ్డు దాటుతాడు. లైటు మన కోసమే కాదు, ఎదురుగా వచ్చేవాళ్ల కోసం కూడా. మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. లైటుకు 8 మీటర్ల దూరంలో, భూమికి మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కొట్టేలా వెలుగు ఉండకూడదు.

అందుకే లైటు వంపు సరిచేయడం నేర్చుకోండి. చీకటి పడ్డాక గోడకు ఎదురుగా 8 మీటర్ల దూరంలో బండి నిలబెట్టండి. స్టాండు మీద కాదు, మీరు ఎక్కి కూర్చోవాలి, రోజూ వెనక ఎవరినైనా ఎక్కించుకునేవాళ్లయితే వాళ్లను కూడా ఎక్కించుకోండి. వెనక బరువు పడితే ముందు లైటు పైకి లేస్తుంది. గడ్డి మోపు వేసుకొని పోయే బండి లైటు చెట్ల కొమ్మల మీద పడేది ఇందుకే. డిప్పర్ వేసి చూస్తే గోడ మీద వెలుగు పై అంచు మీ లైటు ఎత్తు కంటే కొంచెం కిందికి ఉండాలి. డోమ్ కింద ఒక స్క్రూ ఉంటుంది, లేకపోతే పక్క బోల్టులు వదులు చేసి డోమ్ వంచాలి.

బల్బు మార్చేటప్పుడు గాజును వేళ్లతో పట్టుకోకండి. వేలి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువ వేడెక్కి పగులుతుంది. గుడ్డతో పట్టుకోండి. రిఫ్లెక్టర్ లోపలి వెండి పూత మసకబారితే ఏ బల్బు వేసినా లాభం లేదు, డోమ్ మార్చాల్సిందే. ఇక్కడ మాత్రం సామాను మార్చమని నేనే చెప్తాను.

రాత్రి దారిలో లైటు పోతే ముందు అప్పర్ డిప్పర్ స్విచ్చు మార్చి చూడండి, రెండో ఫిలమెంటు బతికి ఉండొచ్చు. పక్కకు ఆపి డోమ్ మీద చేత్తో తట్టండి, హ్యాండిల్ తిప్పండి. తాళం ఆన్‌లో హారన్ కూడా మోగకపోతే ఫ్యూజు. బ్యాటరీ పక్క డబ్బాలో అదనపు ఫ్యూజు పెట్టుకోండి. ఫోను లైటు నోట్లో పెట్టుకొని నడపకండి. ఇండికేటరు వేసుకొని, వెనక ఎర్ర లైటు వెలుగుతోందా చూసుకొని, దగ్గరి ఊరి దాకా బండి దిగి నడిపించుకుంటూ పోండి. ఇంట్లోవాళ్లు టెన్షన్ పడతారు, ఫోను చేసి చెప్పండి.

ఇక బయటికి పోదాం. చెట్టు కింద ఏడు బళ్లున్నాయి. ముందు బాపు ఎక్స్‌ఎల్ విప్పుదాం. టెస్ట్ ల్యాంపు ఎవరి చేతిలో ఉంది? నువ్వే రా తమ్ముడూ, 10 నంబరు స్పానరు, ఎమరీ పేపరు ముక్క కూడా తీసుకురా.